నెట్టింటి పుట్టుపూర్వోత్తరాలు – 11: గీత జరిపిన మనుషులు

1990 ఆగస్టులో కెనడాలోని వాంకూవర్‌లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ ఇంజినీర్లు సమావేశమయ్యారు. అక్కడ ఫ్రాంక్ సోలెన్‌స్కీ, ఫిల్ గ్రాస్, సూ హేర్స్ అనే ముగ్గురు ఒక లెక్క వేసి చూపించారు. ఐపీ చిరునామాలు అప్పుడు పంచుతున్న జోరులోనే పంచుకుంటూ పోతే, ‘క్లాస్ బి’ అనే రకం 1994 మార్చికల్లా అయిపోతుంది. వెబ్ అప్పటికింకా జనంలోకి రాలేదు. నెట్ వాడేది విశ్వవిద్యాలయాల వాళ్లు, పరిశోధనశాలల వాళ్లు, కొన్ని కంపెనీల వాళ్లు. అయినా సరుకు నిండుకునే నెలతో సహా తేలిపోయింది.

ఇందులో వింత ఉంది. 32 బిట్లతో రాయగల చిరునామాలు 429 కోట్ల పైచిలుకు. అప్పటికి నెట్‌కు తగిలించిన కంప్యూటర్లు కొన్ని లక్షలే. అంత రాశి ముందు పెట్టుకుని కరువు ఎలా వచ్చింది? చిరునామా మధ్యలో, కంటికి కనబడకుండా, ఒక గీత ఉంటుంది. గీతకు ఎడమ వైపు బిట్లు ఏ నెట్‌వర్కో చెబుతాయి, కుడి వైపువి అందులో ఏ యంత్రమో చెబుతాయి. కరువు అంకెల్లో లేదు, ఆ గీత దగ్గర ఉంది. ఈ భాగమంతా దాన్ని ఎవరు ఎటు జరిపారో, అందుకు ఎవరు ఎంత చెల్లించారో అన్న కథే.

1977లో వింట్ సెర్ఫ్ 32 బిట్లు చాలని తేల్చినప్పుడు అది ఒక ప్రయోగం కోసమేననుకున్నారు. 1980 జనవరి నాటి ఐపీ పత్రంలో గీత ఒకే చోట ఉంది: మొదటి 8 బిట్లు నెట్‌వర్కుకు, మిగతా 24 యంత్రానికి. అంటే ప్రపంచం మొత్తానికి 256 నెట్‌వర్కులకు మించి ఉండవు. నెట్‌వర్క్ అంటే ఆర్పానెట్ లాంటి దేశమంత పెద్ద వ్యవస్థ అనుకున్న రోజుల్లో అది తక్కువేమీ కాదు. ఈథర్‌నెట్ వచ్చి ఆ ఊహను పాడు చేసింది. ఇప్పుడు ఒక్కో భవనానికి ఒక్కో నెట్‌వర్క్.

1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 791 అనే ప్రమాణ పత్రం దీనికి విరుగుడుగా మూడు కొలతలు పెట్టింది. క్లాస్ ఎ నెట్‌వర్కులు 128, ఒక్కో దాంట్లో 1,67,77,216 చిరునామాలు. క్లాస్ బి 16,384, ఒక్కో దాంట్లో 65,536. క్లాస్ సి 20,97,152, ఒక్కో దాంట్లో 256. ఏది ఏ కొలతో చెప్పేది చిరునామాలోని మొదటి బిట్లే. 0తో మొదలైతే ఎ, 10తో అయితే బి, 110తో అయితే సి. గీత ఎక్కడుందో, దారి చెప్పే యంత్రమైన రౌటర్‌కు విడిగా చెప్పనక్కర్లేదు, అంకెను చూస్తే తెలిసిపోతుంది. ఆనాటి యంత్రాల శక్తిని బట్టి చూస్తే ఇది చాలా తెలివైన ఏర్పాటు. తరువాత వచ్చినవాళ్లు దీన్ని తెలివితక్కువ పనిగా కొట్టిపారేయడం నాకు న్యాయంగా అనిపించదు.

మొదట ఇబ్బంది పడింది క్యాంపస్‌లు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్‌కు 36తో మొదలయ్యే క్లాస్ ఎ, మసాచుసెట్స్‌లోని ఎంఐటీకి 18తో మొదలయ్యే క్లాస్ ఎ ఉండేవి. చెరి కోటీ అరవై లక్షల చిరునామాలకు పైనే. కానీ లోపల డజన్ల కొద్దీ ఈథర్‌నెట్ తీగలు. పాత నియమం ప్రకారం ఒక్కో తీగకు ఒక్కో నెట్‌వర్క్ నంబరు అడగాలి. అలా అడిగితే ఒక విశ్వవిద్యాలయంలో కొత్త తీగ లాగిన ప్రతిసారీ ఇంటర్నెట్‌లోని మిగతా రౌటర్లన్నీ తమ దారుల పట్టికలో ఒక వరస రాసుకోవాలి. పాలో ఆల్టోలో ఏ భవనానికి ఏ తీగ వేశారో లండన్‌లోని రౌటర్‌కు ఎందుకు?

స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న జెఫ్రీ మోగల్ 1984 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 917 రాశారు. ఆయన చెప్పిన మార్గం ఇది: బయటి ప్రపంచానికి గీత పాత చోటే ఉంటుంది, క్యాంపస్ లోపల మాత్రం దాన్ని కుడి వైపుకు జరుపుకోవచ్చు. యంత్రానికి కేటాయించిన బిట్లలో కొన్ని తీసుకుని తీగ నంబరుగా వాడుకుంటారు. దానికే సబ్‌నెట్ అని పేరు. గీత ఎంత జరిగిందో అంకెను చూస్తే తెలియదు గనక, పక్కన ఇంకో అంకె పెట్టుకోవాలి. అదే మాస్క్. 172.16తో మొదలయ్యే క్లాస్ బి ఉందనుకోండి. దానికి 255.255.255.0 అనే మాస్క్ పెడితే మొదటి 24 బిట్లు నెట్‌వర్కు పక్షం, చివరి 8 యంత్రం పక్షం అయిపోతాయి. 65,536 చిరునామాల ఒక్క మడి, 256 చిరునామాల చొప్పున 256 ముక్కలవుతుంది. బయటివాళ్లకు మాత్రం ఇప్పటికీ 172.16 అనే ఒక్క వరసే కనిపిస్తుంది. పోటీగా వేరే ప్రతిపాదనలూ వచ్చాయి. కొన్ని నెలల వాదనల తరువాత 1985 ఆగస్టులో మోగల్, పోస్టెల్ కలిసి రాసిన ఆర్‌ఎఫ్‌సీ 950 దీన్ని ప్రామాణికం చేసింది.

అమీర్‌పేటలో సీసీఎన్ఏ అనే నెట్‌వర్కింగ్ కోర్సు నేర్చుకున్న పాఠకులకు ఇదంతా కంఠతా వచ్చే ఉంటుంది. రెండు టు ది పవర్ ఎన్ వేసి, అందులోంచి 2 తీసెయ్యడం కూడా గుర్తుండే ఉంటుంది. యంత్రాల లెక్కలో ఆ రెండు తీసెయ్యడం ఇప్పటికీ సరైనదే. మొదటిది నెట్‌వర్క్‌ను సూచిస్తుంది, చివరిది అందరికీ ఒకేసారి పంపడానికి. సబ్‌నెట్‌ల లెక్కలో తీసెయ్యడం మాత్రం 1985 నాటి ఆచారం, పదేళ్లకే దానికి కాలం చెల్లింది. 1995 డిసెంబరు నాటి ఆర్‌ఎఫ్‌సీ 1878 ఆ మాట రాసిపెట్టింది. అయినా ఎన్నో నోట్సుల్లో అది అలాగే బతికింది. శిక్షణ తరగతులు నేటికీ క్లాస్ ఎ, బి, సి తోనే మొదలవుతాయి. అవి చట్టంలోంచి తొలగిపోయి ముప్పై ఏళ్లు దాటింది.

ఇక మళ్లీ వాంకూవర్ లెక్కకు వద్దాం. ఒక మోస్తరు సంస్థకు 2,000 కంప్యూటర్లు ఉన్నాయి. క్లాస్ సి ఇస్తే వాడుకోవడానికి 254 చిరునామాలే. క్లాస్ బి ఇస్తే 63 వేలకు పైగా వృథా. మధ్యలో ఇంకో కొలత లేదు. అందరూ బి అడిగారు, ఇచ్చేవాళ్లూ ఇచ్చారు. ఉన్నవి పదహారు వేల చిల్లర. కరువు అక్కడ పుట్టింది.

మరి అదే సంస్థకు ఎనిమిది క్లాస్ సి లు ఇస్తే? 8 × 256, అంటే 2,048. సరిగ్గా సరిపోతాయి. ఆ సంస్థ బాధ తీరుతుంది, ఇంటర్నెట్ బాధ మొదలవుతుంది. ఒక వరస ఉండాల్సిన చోట ఎనిమిది వరసలు. అమెరికా వెన్నెముక నెట్‌వర్క్ అయిన ఎన్ఎస్ఎఫ్‌నెట్ పట్టికలో 1988 జూలైలో రెండు వందలు కూడా లేని వరసలు 1992 చివరకు ఎనిమిదిన్నర వేలు దాటాయి. ఆనాటి రౌటర్ల మెమరీ ఈనాటి చవక ఫోన్‌లో ఉన్నదాంట్లో వందో వంతుకు రాదు. పైగా ఒక లింకు తెగి అతుక్కున్నప్పుడల్లా ఆ వార్తను ప్రతి పెద్ద రౌటరూ విని, లెక్క మళ్లీ వేసుకోవాలి. ఇరవై లక్షల క్లాస్ సి లను యథేచ్ఛగా పంచితే చిరునామాలు మిగులుతాయి, వాటికి దారి చెప్పే యంత్రాలు చచ్చిపోతాయి.

పొదుపుగా పంచాలంటే చిన్న ముక్కలు చెయ్యాలి, చిన్న ముక్కలు చేస్తే పట్టిక ఉబ్బుతుంది. ఈ రెండింటి మధ్యా ఇరుక్కున్న ఐఈటీఎఫ్ 1991 నవంబరులో న్యూ మెక్సికోలోని శాంటా ఫే సమావేశంలో ‘రోడ్’ అనే బృందాన్ని వేసింది. రౌటింగ్, అడ్రసింగ్ అనే రెండు మాటల నుంచి కూర్చిన పేరది. ఆ చర్చల్లోంచి పైకి వచ్చిన పత్రమే 1992 జూన్ నాటి ఆర్‌ఎఫ్‌సీ 1338. విన్స్ ఫుల్లర్, టోనీ లీ, జెస్సికా యూ, కన్నన్ వరదన్ రాశారు. శీర్షికలో మొదటి మాట సూపర్‌నెట్టింగ్.

మోగల్ గీతను కుడికి జరిపారు. వీళ్లు ఎడమకు జరిపారు. అంతే తేడా.

ఆ పత్రంలోనే ఉన్న ఉదాహరణ చూద్దాం. ఒక ఖాతాదారుకు 2,048 లోపు చిరునామాలు కావాలి. 192.24.0 నుంచి 192.24.7 వరకు వరసగా ఎనిమిది క్లాస్ సి లు ఇచ్చారు. మూడో అంకెను బిట్లలో రాస్తే 00000000 నుంచి 00000111 దాకా వస్తుంది. మొదటి అయిదు బిట్లు ఎనిమిదింటిలోనూ ఒకటే, మారేది చివరి మూడే. కనక మొదటి రెండు అంకెల 16 బిట్లు, మూడో అంకెలో 5, మొత్తం 21 బిట్ల దగ్గర గీత పెట్టి 192.24.0.0/21 అని ఒక్క వరస రాస్తే ఎనిమిదీ వచ్చేస్తాయి. పాత మాస్క్ భాషలో అది 255.255.248.0.

ఏ ఎనిమిదైనా ఇలా కలుస్తాయా అంటే కలవవు. 192.24.4 నుంచి 192.24.11 దాకా తీసుకోండి. అవీ వరసగా ఉన్న ఎనిమిదే. కానీ 7 దాటి 8కి రాగానే అయిదో బిట్ మారిపోతుంది (00000111, 00001000). ఇవి 4–7 ఒక /22గా, 8–11 ఇంకో /22గా రెండు వరసలే అవుతాయి. కలపాలంటే ముక్కల సంఖ్య రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు ఇలా ఉండాలి, మొదటి ముక్క నంబరు ఆ సంఖ్యతో భాగింపబడాలి. విడదీయడం ఎవరికి వాళ్లు ఎప్పుడైనా చేసుకోవచ్చు. కలపడానికి మాత్రం పంచేవాడు ముందే ఆలోచించి పక్కపక్కన ఇచ్చి ఉండాలి. ఈ చరిత్రలో సగం తగాదాలకు మూలం ఇదే.

మన పిన్ కోడ్ సరిగ్గా ఈ పనే చేస్తుంది. 1972లో దాన్ని పెట్టినప్పుడు మొదటి అంకె 5 అంటే దక్షిణాదిలో మన వైపు అని నిర్ణయించారు. ఢిల్లీలో ఉత్తరాలు వేరుచేసే మనిషికి కోఠీ ఎక్కడో, కొవ్వూరు ఎక్కడో తెలియనక్కర్లేదు. 5 చూసి ఇటు వేస్తే చాలు, మిగతా అంకెలు ఇక్కడివాళ్లు చూసుకుంటారు. ఇంటర్నెట్ నంబర్లను మాత్రం పదేళ్ల పాటు అర్జీ వచ్చిన వరసలో ఇచ్చారు. బోస్టన్ తరువాతి నంబరు టోక్యోకు, దాని తరువాతిది టెక్సాస్‌కు. ఆ పాత 192 శ్రేణికి ఇంజినీర్లు పెట్టుకున్న ముద్దుపేరు ఊబి. అందులో ఏదీ దేనితోనూ కలవదు. 1993లో ఈ పద్ధతి మార్చి ఖండాల వారీగా శ్రేణులు విడదీశారు. 194, 195 యూరప్‌కు, 202, 203 ఆసియా-పసిఫిక్‌కు. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ తెరిచినప్పుడు దాని చిరునామాలు 202.54తో మొదలైనది ఇందువల్లే.

పత్రం రాయడం ఒక ఎత్తు, రౌటర్ల చేత పాటింపజేయడం ఇంకో ఎత్తు. నెట్‌వర్కులు ఒకదానికొకటి దారులు చెప్పుకునే బీజీపీ అప్పటికి మూడో కూర్పులో ఉంది. దానికి మాస్క్ పంపడం రాదు. అంకె చెబితే అవతలివాడు మొదటి బిట్లు చూసి క్లాస్ ఊహించుకోవాల్సిందే. గీతను అంకెలోంచి బయటికి తెచ్చి పక్కన రాసి పంపే నాలుగో కూర్పు కావాల్సి వచ్చింది. 1993 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 1519 తరగతులను లాంఛనంగా రద్దు చేసింది. సీఐడీఆర్ అనే పేరు అక్కడ స్థిరపడింది, నోట ‘సైడర్’ అంటారు. 1994లో పెద్ద నెట్‌వర్కులన్నీ బీజీపీ-4కు మారాయి. అప్పటికి పట్టికలో సుమారు ఇరవై వేల వరసలు. నిట్టనిలువుగా లేస్తున్న రేఖ అక్కడ ఒంగి, ఆ తరువాత నాలుగేళ్లు వాలుగా సాగింది. వెబ్ విస్ఫోటనం సరిగ్గా ఆ నాలుగేళ్లలోనే జరిగిందని గుర్తుంచుకుంటే ఇది ఎంత పెద్ద పనో తెలుస్తుంది. ముగ్గురూ లెక్కగట్టిన 1994 మార్చి ఏ గొడవా లేకుండా వెళ్లిపోయింది.

రచయితలు మాత్రం తాము శాశ్వత పరిష్కారం ఇస్తున్నామని చెప్పుకోలేదు. క్లాస్ బి కరువు, పట్టికల ఉబ్బు, 32 బిట్లు పూర్తిగా అయిపోవడం అని మూడు సమస్యలు రాసి, మూడోది తమ పని కాదని ముందే చెప్పారు. కొన్నేళ్ల ఊపిరి దొరికితే చాలనుకున్నారు. ముప్పై ఏళ్లకు పైగా దాని మీదే నడుస్తున్నాం.

ఇక దీని ఖరీదు. నంబర్లు కలవాలంటే అవి దారిని అనుసరించాలి. నీకు కనెక్షన్ ఇచ్చే కంపెనీ దగ్గర పెద్ద గుత్తి ఉంటుంది, అందులోంచి నీకొక ముక్క ఇస్తుంది, ప్రపంచానికి మాత్రం గుత్తినే చూపిస్తుంది. బాగానే ఉంది. రేపు నువ్వు కంపెనీ మారితే? ముక్క పట్టుకుని పోతే గుత్తికి చిల్లు పడుతుంది, అందరి పట్టికలోనూ ఒక వరస పెరుగుతుంది. కనక ముక్క తిరిగిచ్చేసి పోవాలి, ఉన్న యంత్రాలన్నిటికీ కొత్త నంబర్లు వేసుకోవాలి. 1981లో సంస్థకు సొంత ఆస్తిలా వచ్చిన చిరునామా 1994 తరువాత అద్దె సరుకైంది. యాకోవ్ రెక్టర్, టోనీ లీ 1996లో రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2008 ఇదే మాట దాపరికం లేకుండా చెప్పింది: సొంతం చేసుకోవడం కుదరదు, అరువు తీసుకోవడమే. దీని మీద ఐఈటీఎఫ్‌లో మాటల యుద్ధాలు జరిగాయి. చిన్న సంస్థలకు పెద్ద కంపెనీల చేతిలో జుట్టు చిక్కినట్టయింది. పాతవాళ్లకు మాత్రం ఈ బాధ లేదు. వాళ్ల పాత నంబర్లు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. స్టాన్‌ఫర్డ్ అయితే 2000లో తన 36ను మర్యాదగా తిరిగిచ్చేసింది. అది పదేళ్లకు ఆసియా-పసిఫిక్ వాటాకు వచ్చింది. ఎంఐటీ తన 18లో సగం దాకా 2017లో అమ్ముకుంది. ఎవరి ధర్మం వాళ్లది.

మాట వినని వాళ్లను దారికి తెచ్చింది ఐఈటీఎఫ్ కాదు, ఒక కంపెనీ. 1995లో అమెరికాలోని స్ప్రింట్‌లో షాన్ డోరన్, 206 మొదలుకుని కొత్త శ్రేణుల్లో /19 కన్నా చిన్న ముక్కల్ని తమ రౌటర్లలోకి రానివ్వకుండా తలుపు వేశారు. అంటే 8,192 చిరునామాల కన్నా తక్కువ ఉన్నవాడు ఎవరో ఒకరి గుత్తిలో చేరక తప్పదు. తిట్లు బాగా పడ్డాయి. పట్టిక మాత్రం అదుపులో ఉంది.

విడదీయడంలోని అసలు ప్రమాదం తరువాత బయటపడింది. సైడర్‌లో ఒక నియమం ఉంది. ఒకే చిరునామాకు రెండు వరసలు సరిపోతే, ఎక్కువ బిట్లు కలిసిన వరసే గెలుస్తుంది. చిన్న ముక్కదే పైచేయి. గుత్తిలో ఒక ముక్క వేరే దారిలో ఉంటే అది సరిగ్గా చేరాలని పెట్టిన మంచి నియమమే. కానీ ఎవడైనా పరాయి గుత్తిని ముక్కలు చేసి ‘ఇవి నావి’ అని కేకేస్తే? 1997 ఏప్రిల్ 25న ఫ్లోరిడాలోని ఒక చిన్న నెట్‌వర్క్ రౌటర్ పొరపాటున అదే చేసింది. ప్రపంచంలోని గుత్తుల్ని /24లుగా తరిగి తనవిగా ప్రకటించింది. చిన్నవే గెలిచాయి. ఇంటర్నెట్‌లో పెద్ద భాగం గంటల తరబడి ఫ్లోరిడా వైపు పరుగు తీసింది.

2008 ఫిబ్రవరి 24 ఉదంతం మరీ ప్రసిద్ధం. పాకిస్తాన్ ప్రభుత్వం యూట్యూబ్‌ను తమ దేశంలో ఆపమంది. యూట్యూబ్ అప్పుడు 208.65.152.0/22 అనే ఒక్క వరస ప్రకటించేది, అంటే 1,024 చిరునామాలు. పాకిస్తాన్ టెలికాం అందులోని పావు ముక్కను, 208.65.153.0/24ను, తన వైపు తిప్పుకుంది. ఆ ప్రకటన దేశం లోపలే ఉండాలి. పైనున్న పీసీసీడబ్ల్యూ అనే హాంకాంగ్ సంస్థ దాన్ని వడకట్టకుండా ప్రపంచానికి చేరవేసింది. మన గడియారంలో అర్ధరాత్రి దాటి 12:17. 24 బిట్లు 22 కన్నా ఎక్కువ గనక నిమిషాల్లో ప్రపంచమంతా యూట్యూబ్ కోసం పాకిస్తాన్ వైపు తిరిగింది. 1:37కి యూట్యూబ్ కూడా అదే /24ను ప్రకటించింది. ఇప్పుడిద్దరూ సమానం, దగ్గరున్నవాడిది గెలుపు. 1:48కి దాన్ని మళ్లీ రెండు /25లుగా కోసి ప్రకటించింది. /24 కన్నా చిన్నవి చాలా నెట్‌వర్కులు తీసుకోవు గనక అదీ సగం పనే చేసింది. 2:31కి పీసీసీడబ్ల్యూ ఆ తప్పుడు దారిని ఉపసంహరించుకున్నాకే అంతా సర్దుకుంది. పట్టికను కుదించడానికి రాసిన పద్ధతిలోని నియమం చేతికి చిక్కితే, తగువులో ఇద్దరూ ఇంకా చిన్న ముక్కలు తరగడమే మార్గమైంది.

ఆ భయం పోలేదు. ఎవరూ దొంగిలించకుండా ముందే తమ గుత్తిని /24లుగా కోసి ప్రకటించుకునేవాళ్లు ఉన్నారు. రెండు కంపెనీల నుంచి కనెక్షన్ తీసుకున్నవాళ్లు, బరువు ఇటూ అటూ పంచుకోవడానికి కోసుకునేవాళ్లు సరేసరి. 2014 ఆగస్టు 12న ప్రపంచ పట్టిక 5,12,000 వరసలు దాటేసరికి, అంతవరకే చోటున్న పాత రౌటర్లు ఎన్నో చోట్ల కుప్పకూలాయి. ఇవాళ ఆ పట్టిక పది లక్షల దరిదాపుల్లో ఉంది. అందులో సగానికి పైగా /24లే.

ఈలోగా 1992 పత్రం పక్కన పెట్టిన మూడో సమస్య గుమ్మంలోకి వచ్చింది. 2011 ఫిబ్రవరి 3న కేంద్ర నిల్వలోని ఆఖరి అయిదు పెద్ద గుత్తుల్ని అయిదు ప్రాంతాలకు తలా ఒకటి ఇచ్చేశారు. ఆసియా-పసిఫిక్‌కు దక్కింది 103. ఆ ఏప్రిల్ నుంచి రేషన్ మొదలైంది. అడిగిన సంస్థకు 103లోంచి ఒక /22, అంటే 1,024 చిరునామాలు. 2019 నుంచి అది /23, అంటే 512. మన దేశంలో ఈ పంపకం చూసే ఐఆర్ఐఎన్ఎన్ 2012లో మొదలైంది. అప్పటి నుంచి ఆంధ్ర, తెలంగాణ పట్టణాల్లో లేచిన కేబుల్ ఇంటర్నెట్ సంస్థలు ఈ రేషన్ మీద బతికినవే. మీ ఇంటి కనెక్షన్ చిరునామా 103తో మొదలైతే కారణం అదే.

వెయ్యి చిరునామాలున్న సంస్థ పది వేల ఇళ్లకు కనెక్షన్ ఎలా ఇస్తోంది? ఒకే చిరునామా వెనక వందల ఇళ్లను దాచే నాట్ అనే ఎత్తు ఒకటుంది. కెల్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ 1994 మేలో ఆర్‌ఎఫ్‌సీ 1631లో రాశారు. ఐపీ తరువాతి తరమైన ఐపీ వెర్షన్ 6ను పాతికేళ్లు వెనక్కు నెట్టింది కూడా అదే. వచ్చే వారం నాట్ కథ.